గోదారి నీళ్లు సముద్రంలో ఏమవుతాయి?

వానాకాలంలో గోదావరి ఎర్రగా పొంగుతుంది. "ఎర్రనీరు వచ్చింది" అంటారు గోదారి ఒడ్డు జనం. ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

గోదావరి మహారాష్ట్రలో, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది. 1465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ యానాం మీదుగా పోతుంది. వశిష్ఠ పాయ అంతర్వేది దగ్గర, వైనతేయ పాయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆ సముద్రం పేరు బంగాళాఖాతం.

నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అంతర్వేది మొగ దగ్గర అన్నా చెల్లెళ్ల గట్టు ఉంది. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం. మరి మొగ దాటగానే ఈ రెండు నీళ్లూ కలిసిపోతాయా? వెంటనే కలవవు. ఎందుకని?

తేలిక నీరు - బరువు నీరు

లీటరు మంచినీరు ఒక కిలో తూగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందుకే లీటరు సముద్రపు నీరు కిలో కంటే సుమారు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. బరువైన ఉప్పు నీరు అడుగున ఉంటుంది. తేలికైన మంచినీరు దాని మీద పరుచుకుంటుంది. చారు మీద నూనె తేలినట్టే. అయితే నూనె ఎప్పటికీ నీటిలో కలవదు. మంచినీరు మాత్రం మెల్లమెల్లగా ఉప్పు నీటిలో కలుస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

ఒక గాజు గ్లాసులో సగం వరకు నీళ్లు పోయండి. రెండు చెంచాల ఉప్పు వేసి బాగా కరిగించండి. ఇంకో గ్లాసు మంచినీళ్లలో చల్లారిన టీ డికాషన్ కొంచెం కలపండి. ఈ రంగు నీళ్లను చెంచా వీపు మీదుగా, మెల్లగా ఉప్పు నీళ్ల మీద పోయండి. రంగు నీళ్లు పైనే నిలుస్తాయి. ఇప్పుడు చెంచాతో తిప్పండి. రెండూ కలిసిపోతాయి.

సముద్రంలో ఎవరు తిప్పుతారు?

గాలి తిప్పుతుంది. అలలు తిప్పుతాయి. పోటూ పాటూ తిప్పుతాయి. మన తీరంలో రోజుకు రెండుసార్లు సముద్రం పోటెత్తుతుంది, రెండుసార్లు వెనక్కి తీస్తుంది. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. ఇది బెస్త పల్లెల్లో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే.

ఎర్రనీటిలో బండమట్టి ఉంటుంది. బిందెలో నీళ్లు తేరడానికి చిల్లగింజ అరగదీసి కలుపుతారు కదా. సన్నని మట్టి ముద్ద కట్టి అడుక్కి దిగుతుంది. మొగ దగ్గర ఆ పని ఉప్పు చేస్తుంది. ఉప్పు తగలగానే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని కిందకు దిగుతాయి. మొగల దగ్గర మేట వేసే ఒండ్రులో చాలా భాగం ఇలా దిగిన మట్టే. మడ అడవులు పెరిగేది ఆ ఒండ్రులోనే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి అలాంటిదే.

ఎంత దూరం పోతాయి?

బంగాళాఖాతంలో గోదావరి ఒక్కటే కలవదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ కూడా కలుస్తాయి. అందుకే బంగాళాఖాతం పై నీరు అరేబియా సముద్రం నీటి కంటే ఉప్పన తక్కువ. వానలు తగ్గాక, అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం వెంట ఒక ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. ఉప్పు తక్కువైన ఈ నీటిని తమిళనాడు వైపు, శ్రీలంక వైపు తీసుకుపోతుంది.

ఈ తేలిక నీరు సముద్రం మీద మూతలా ఉంటుంది. అడుగు చల్లని నీటిని తొందరగా పైకి రానివ్వదు. పై నీరు వెచ్చగా ఉండిపోతుంది. ఆ వెచ్చదనం వానలకు సాయం. తుపానులకు కూడా అదే బలం.

సముద్రంలో కలిసిన నీరంతా వృథాయేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. పొలాలకు నీరు కావాలి, నిజమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దానివల్లే డెల్టాలో పంటలు పండాయి. కానీ మొగకూ కొంత మంచినీరు కావాలి.

వరద నీరు సముద్రంలోకి వస్తేనే పులస చేప ఏటికి ఎదురెక్కి వస్తుంది. నదిలోనే గుడ్లు పెడుతుంది. ఉప్పూ మంచీ కలిసిన నీటిలోనే, మడ చెట్ల వేళ్ల మధ్య, రొయ్య పిల్లలూ పీత పిల్లలూ పెరుగుతాయి. చేపలు, రొయ్యలు అమ్ముకునే ఆడవాళ్ల గంప నిండేది వాటితోనే.

ఇంకో సంగతి ఉంది. నది నీరు సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. ఎండాకాలంలో నది సన్నబడుతుంది. అప్పుడు పోటు నీరు నదిలోకి ఎగబాకుతుంది. బరువైన ఉప్పు నీరు అడుగు నుంచే లోపలికి వస్తుంది. పైన నీరు చప్పగా ఉన్నా, అడుగున ఉప్పగా ఉండవచ్చు.

తీరం ఊళ్లలో భూమి లోపల కూడా ఇదే జరుగుతుంది. బావిలోని మంచినీరు కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. మోటార్లు పెట్టి అదే పనిగా తోడితే పైన మంచినీరు తరిగిపోతుంది. కింది ఉప్పు పైకి వస్తుంది. ఒకసారి బావి ఉప్పెక్కితే మళ్లీ తీపి కావడానికి ఏళ్లు పట్టవచ్చు. అప్పుడు బిందె పట్టుకుని దూరం నడవాల్సింది ఎవరు? ఆడవాళ్లే.

గుర్తు పెట్టుకోండి

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. ఉప్పు మాత్రం పోదు. పటిక వేసినా పోదు. ఉప్పు నీరు రోజూ తాగితే రక్తపోటు పెరుగుతుంది. గర్భిణులకు అది మరీ ప్రమాదం. తాగే నీరు ఉప్పగా మారితే పంచాయతీకి చెప్పండి. నీటి పరీక్ష చేయించమని అడగండి. నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసి, తేదీ వేసి, అందరూ సంతకాలు చేసి ఇవ్వండి.

ఆలోచించండి - చెప్పండి

1. మంచినీరు ఉప్పు నీటి మీద ఎందుకు తేలుతుంది?
2. సముద్రంలో ఈ రెండు నీళ్లను కలిపేవి ఏవి?
3. ఎండాకాలంలో నదిలోకి ఉప్పు నీరు ఎందుకు వస్తుంది?
4. మీ ఊళ్లో ఏ బావి నీళ్లు ఇదివరకు తీపి, ఇప్పుడు ఉప్పు? ఎప్పటి నుంచి? ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.