పంచుకొనే విద్య

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలపాటు మరుగుపడి ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలైన పండితుల కృషితో ఇరవయ్యో శతాబ్దంలో అవి ముద్రణ పొంది జనులకు అందాయి. దాచడం వల్ల సంపద నిలుస్తుంది. పంచడం వల్ల ప్రయోజనం సిద్ధిస్తుంది. ఇంట్లోని కంప్యూటరుకు సైతం ఈ ధర్మమే వర్తిస్తుంది.

తిరుపతిలో ఒక ఇంట లినక్స్ కంప్యూటరు ఒకటి, విండోస్ కంప్యూటరు ఒకటి ఉన్నాయనుకొందాం. మొదటిదానిలోని పాఠాలు, ఛాయాచిత్రాలు రెండోదానిలో చూడాలంటే రెండింటికీ ఉమ్మడి భాష కావాలి. ఆ భాష ఎస్‌ఎంబి. దానిని అర్థం చేసుకొనే సర్వరు ప్రోగ్రామును ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో వెలువరించాడు. తరువాత ఎస్, ఎం, బి అక్షరాలు అదే క్రమంలో వచ్చే మాటను పదపట్టికలో వెదకి, దానికి ‘సాంబా’ అని పేరు పెట్టాడు.

లినక్స్‌లో సాంబాను స్థాపించిన పిదప, పంచుకొనదలచిన ఫైళ్లకు ప్రత్యేకంగా ఒక ఫోల్డరు ఏర్పరచాలి. ‘ఎస్‌ఎంబి.కాన్ఫ్’ అనే ఫైలులో నాలుగు విషయాలు రాయాలి: ఫోల్డరు ఇతరులకు కనిపించే పేరు, అది ఉన్న చోటు, ప్రవేశార్హులు, వారికి చదివే హక్కు మాత్రమేనా, మార్చే హక్కు కూడానా అన్నది. ప్రవేశార్హులకు సాంబా పాస్‌వర్డు ఇవ్వాలి. ‘టెస్ట్‌పార్మ్’ ఆదేశంతో రాతలోని దోషాలు తెలుసుకొని, సాంబాను పునఃప్రారంభించాలి. అప్పటికీ ఫైలు తెరుచుకోకపోతే ఆ ఫోల్డరుకు లినక్స్ ఇచ్చిన అనుమతులు పరీక్షించాలి. సాంబా ఒప్పుకొన్నా లినక్స్ ఒప్పుకోనిదే ప్రవేశం లభించదు.

తెరచిన ద్వారానికి కాపలా అవసరం. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అనే హానికర ప్రోగ్రాము విండోస్‌లోని పాత ఎస్‌ఎంబి లోపం ఆసరాగా ప్రపంచమంతటా వ్యాపించింది. చిత్తూరుతో సహా ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే సవరణ మార్చిలోనే వెలువడింది. అదే మే నెలలో సాంబాలోనూ మరొక తీవ్రలోపం బయటపడింది. కనుక సవరణలను వెంటనే చేర్చుకోవాలి. ఎస్‌ఎంబి వాడే 445వ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవరాదు. అవసరం లేనివారికి మార్చే హక్కు ఇవ్వరాదు.

ఎవరికి, ఎంతవరకు అన్న వివేకం తోడైనప్పుడే పంచుకోవడం విద్య అవుతుంది.

ప్రశ్నలు

1. సాంబా అనుమతించినా ఫైలు తెరుచుకోకపోవడానికి కారణమేమి?
2. దాచడం, పంచడం – ఈ రెండింటి ఆవశ్యకతను పాఠం ఆధారంగా వివరించండి.