నీడకు చేరుకోవడం కూడా సేవలో భాగమే

మూసా ప్రవక్త (అ) ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరుకున్న సంఘటన దివ్య ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో ఉంది. ప్రాణభయంతో ఊరు వదిలి వచ్చిన మనిషి. దేశం కొత్త, మనుషులు కొత్త. బావి దగ్గర కాపరులు తమ మందలకు నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఒక పక్కన ఇద్దరు స్త్రీలు తమ పశువులను అదిలించి ఆపుకుంటూ నిలబడి ఉన్నారు. సంగతేమిటని మూసా (అ) అడిగారు. కాపరులంతా వెళ్ళేదాకా తాము నీళ్ళు పెట్టలేమనీ, తమ తండ్రి బాగా వృద్ధుడనీ వాళ్ళు చెప్పారు. ఆయన వాళ్ళ పశువులకు నీళ్ళు పెట్టారు. ఆ తర్వాత ఏం చేశారు? నీడకు చేరుకున్నారు. తన ప్రభువు ఏ మేలు పంపినా తాను దాని అవసరం ఉన్నవాడినేనని వేడుకున్నారు.

ఈ సంఘటన చదివేటప్పుడు మనం ఎక్కువగా సేవ దగ్గరే ఆగిపోతాం. నీడ సంగతి గమనించకుండా దాటేస్తాం. పరదేశంలో పరాయివాళ్ళ కష్టం తీర్చిన ఆ మహనీయుడు, పని కాగానే తనకూ అలసట ఉందనీ, తనకూ అవసరం ఉందనీ దైవం ముందు ఒప్పుకున్నారు. సేవ, నీడ, వేడుకోలు - ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి.

నేడు మన యువకులు, యువతులు ఎందరో విదేశాల్లో సహాయ సంస్థల్లో పనిచేస్తున్నారు. డాక్టర్లు, ఇంజినీర్లు, లెక్కలు చూసేవారు, పోషకాహారం పంచేవారు, పిల్లలకు చదువు చెప్పేవారు. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం. ఇంటి దగ్గర వారి ఫోను కోసం ఎదురుచూసేవారి కోసం కూడా.

ఉఖియా దారిలో ఒక రోజు

ఒక ఉదాహరణ చూద్దాం. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పట్టుకొని బంగ్లాదేశ్ చేరుకున్నారు. కాక్స్‌బజార్ జిల్లాలోని ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల్లో వారి శిబిరాలున్నాయి. అక్కడి కుటుపలాంగ్ శిబిరం ప్రపంచంలోకెల్లా పెద్ద శరణార్థి శిబిరంగా పేరుపడింది. వెదురు, టార్పాలిన్లతో కట్టిన గుడిసెలు కొండవాలుల మీద ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. వానాకాలంలో మట్టిపెళ్ళలు విరిగిపడతాయి, ఎండాకాలంలో నిప్పు భయం.

అక్కడ మంచినీళ్ళ పని చూసే ఒక సోదరుణ్ణి ఊహించుకోండి. ఫజర్ నమాజు కాగానే కాక్స్‌బజార్ పట్టణం నుంచి బండిలో బయలుదేరతాడు. శిబిరం చేరడానికి గంటన్నర, వాన పడితే ఇంకా ఎక్కువ. పగలంతా కొండలెక్కి దిగడం, చెడిపోయిన పంపులు, నీళ్ళ కోసం వరుసలో నిలబడ్డ తల్లులు. సాయంత్రం మళ్ళీ అదే దారి. గదికి చేరాక నివేదికలు. అవి అయ్యేసరికి వేరే దేశంలోని కార్యాలయం వాళ్ళకు పగలు మొదలవుతుంది, వాళ్ళతో ఫోన్లు. అన్నం చల్లారిపోతుంది. రాత్రి పన్నెండింటికి పడుకుంటే కళ్ళ ముందు ఆ వరుసే.

'సెలవు పెట్టరాదా?' అని తోటివారు అడిగితే అతను ఒకే మాట అంటాడు: 'వాళ్ళకు సెలవుందా?'

వినడానికి ఇది త్యాగంలా ఉంటుంది. నిజంగా త్యాగమేనా అన్నది మనం ఆలోచించాలి.

అలసట ముదిరితే

అలసట రావడం తప్పు కాదు. అది తీరకుండా నెలల తరబడి పేరుకుపోతేనే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీనికి చోటిచ్చింది. ఈ కూర్పు 2019లో ఆమోదం పొంది 2022లో అమలులోకి వచ్చింది. దీన్ని జబ్బుగా కాక, పనివల్ల కలిగే స్థితిగా అది పేర్కొంది. దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, ఒంట్లో శక్తి పూర్తిగా ఇంకిపోయినట్లు ఉండటం. రెండు, చేసే పని మీద మనసు విరిగి, దాన్ని చులకనగా చూడటం. మూడు, పనితనం తగ్గడం.

రెండో గుర్తును కాస్త జాగ్రత్తగా చూడండి. మొదట్లో ఒక్కో శరణార్థి కథ విని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషే, కొంతకాలానికి 'వీళ్ళు ఎప్పుడూ ఇంతే' అని విసుక్కుంటాడు. బక్కెట్టు పట్టుకొని వచ్చిన ముసలమ్మను కసురుకుంటాడు. ఎవరి కోసం నిద్ర మానుకున్నాడో వారినే నొప్పిస్తాడు. విశ్రాంతి మానడంవల్ల పోయేది కేవలం తన ఆరోగ్యం కాదు, తన దగ్గరకు వచ్చేవారి గౌరవం కూడా. పైగా కోపంలో ఉన్నప్పుడు ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (స) వారించారు. ఎవరికి ముందు సాయం అందాలో రోజూ నిర్ణయించేవారికి ఈ వారింపు ఎంతగా వర్తిస్తుందో చెప్పనక్కర్లేదు.

శరీరానికీ హక్కుంది

హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య దైవప్రవక్త (స) సోదర బంధం ఏర్పరచారు. ఒకసారి సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్ళారు. ఆ ఇల్లాలు మాసిన బట్టల్లో ఉన్నారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనిలేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) అతిథికి భోజనం పెట్టి, తాను ఉపవాసం ఉన్నానన్నారు. నువ్వు తినకపోతే నేనూ తిననని సల్మాన్ (రజి) పట్టుబట్టి తినిపించారు. రాత్రి ఆయన నమాజుకు లేస్తుంటే పడుకోమన్నారు. మళ్ళీ లేస్తే మళ్ళీ పడుకోమన్నారు. తెల్లవారుజామున ఇద్దరూ లేచి కలిసి నమాజు చేశారు. అప్పుడు, ప్రభువుకు ఉన్నట్లే నీ ప్రాణానికీ నీ ఇంటివారికీ నీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి చెల్లించమని హితవు చెప్పారు. ఈ సంగతి విని దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది సత్యమేనన్నారు.

మరో సహాబీ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యౌవనంలో రోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు అనే నియమం పెట్టుకున్నారు. దైవప్రవక్త (స) తగ్గించమన్నారు. ఇంతకంటే ఎక్కువ చేయగలనని ఆయన మళ్ళీమళ్ళీ కోరారు. వృద్ధాప్యంలో ఒళ్ళు సహకరించనప్పుడు, ఆనాడు ఆ వెసులుబాటు తీసుకొని ఉంటే ఎంత బాగుండేదో అని ఆయనే విచారించారు.

ఆరాధనలోనే ఇంత మితం బోధించిన ధర్మం, ఉద్యోగంలో ఒళ్ళు పాడుచేసుకోమంటుందా? ఈ దేహం మన సొంత ఆస్తి కాదు, దైవం మనకు అప్పగించిన అమానతు. అరువు తెచ్చిన బండిని ఎవరూ నూనె పోయకుండా తోలరు కదా!

ఆచరణలో పెట్టవలసిన విషయాలు

1. ఇషా తర్వాత పని కబుర్లు కట్టిపెట్టండి. ఇషా అనంతరం ముచ్చట్లు పెట్టుకోవడం దైవప్రవక్త (స)కు ఇష్టముండేది కాదు. అత్యవసర ఫోను కోసం వంతులు వేసుకోండి. మీ వంతు కాని రాత్రి ఫోను పక్క గదిలో ఉంచండి.

2. వారపు సెలవును సెలవుగానే ఉంచండి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. జుమా నాడు స్నానం, మస్జిదు, నలుగురితో భోజనం - ఇవి నివేదిక కంటే ముందు.

3. విరామ సెలవును వాయిదా వేయకండి. కష్టమైన చోట్ల పనిచేసే ఐక్యరాజ్యసమితి ఉద్యోగులకు, ఆ చోటు తీవ్రతనుబట్టి కొన్ని వారాలకోసారి కొద్ది రోజుల విరామం ఇస్తారు. చాలా సంస్థలు ఇలాంటి పద్ధతే పాటిస్తాయి. అది దయ కాదు, పనిలో భాగం.

4. సహాయకుణ్ణి కోరండి. ఫిరౌను దగ్గరకు వెళ్ళమని ఆజ్ఞ వచ్చినప్పుడు మూసా (అ) తన అన్న హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని వేడుకున్నారు. అదేమీ చేతకానితనం కాదు.

5. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడి లేవడం, ఊరికే కన్నీళ్ళు రావడం వారాల తరబడి ఉంటే డాక్టరును కలవండి. ఇది విశ్వాసం తగ్గడం కాదు. జ్వరానికి మందు వాడినట్లే దీనికీ చికిత్స ఉంది.

ఆపద వేళ సంగతి వేరు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 2021 మార్చి 22న బలూఖాలి శిబిరంలో మంటలు లేచి వేలాది గుడిసెలు బూడిదయ్యాయి. అలాంటి రోజున ఎవరైనా నీడన కూర్చుంటారా? కూర్చోరు, కూర్చోరాదు. మూసా (అ) కూడా ముందు నీళ్ళు పెట్టారు, తర్వాతే నీడకు వెళ్ళారు. కాని మంటలు ఆరాక కూడా, ప్రతి రోజునూ మంటల రోజుగానే గడిపేవాడు మరోసారి మంటలు లేచినప్పుడు లేవలేడు.

పై బాధ్యతల్లో ఉన్నవారూ తమను తాము ప్రశ్నించుకోవాలి. సహాయ సంస్థలు 2014లో తమకు తాము పెట్టుకున్న కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్‌లో, సిబ్బందికి తోడ్పాటు, న్యాయమైన వ్యవహారం ఒక హామీగా ఉంది. విదేశీ ఉద్యోగికి విరామ సెలవు దొరికే చోటే, అదే ఎండలో తిరిగే స్థానిక ఉద్యోగికి చాలాసార్లు అది ఉండదు. 2025లో అమెరికా విదేశీ సాయానికి భారీగా కోత పెట్టాక ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మిగిలినవారి మీద భారం పెరిగింది. పని తగ్గించలేనప్పుడు, ఏ పని ముందు, ఏది ఆపవచ్చో చెప్పడం పెద్దల బాధ్యత. సేవకుల మీద మోయలేని పని మోపరాదనీ, మోపితే తామూ చేయి కలపాలనీ దైవప్రవక్త (స) బోధించారు.

ఇంటివారికి ఒక మాట

ఆర్నెల్లకు బిడ్డ ఇంటికి వస్తే మనం ఏం చేస్తాం? పది ఇళ్ళలో దావతులు, రెండు నికాహ్‌లు, అప్పుల లెక్కలు. వచ్చిన వారం అలాగే గడిచి, వచ్చినప్పటికంటే అలసిపోయి తిరిగి వెళ్తారు. మొదటి రెండు మూడు రోజులు వారిని నిద్రపోనివ్వండి. అక్కడి సంగతులు చెప్పమని తొందరపెట్టకండి. చెప్పాలనిపించినప్పుడు పక్కన కూర్చొని వినండి.

ఆత్మపరిశీలన

ఈ నెలలో నేను ఎవరినైనా అలసటవల్ల కసురుకున్నానా? నా ఇంటివారి హక్కును పని పేరుతో ఎన్నిసార్లు వాయిదా వేశాను? నేను లేకపోతే ఏదీ జరగదని అనుకోవడంలో అహం ఎంత, బాధ్యత ఎంత?

మద్‌యన్ గాథలో ఇంకొక్క సంగతి ఉంది. మూసా (అ) నీడలో ఉన్నప్పుడే ఆ ఇద్దరిలో ఒకామె సిగ్గుపడుతూ నడిచి వచ్చి, తమ తండ్రి పిలుస్తున్నాడని చెప్పింది. ఆ పిలుపుతో ఆయనకు ఇల్లు, పని, కుటుంబం దొరికాయి. మనం కాసేపు చేతులు దించినంత మాత్రాన లోకం ఆగదు. దాన్ని నడిపించేవాడు నిద్రలేనివాడు, కునుకు కూడా తీయనివాడు. నిద్ర అవసరమైనవారం మనమే.

పరుల కోసం పాటుపడే ప్రతి ఒక్కరికీ ఆ ప్రభువు బలాన్నీ, ప్రశాంతమైన నిద్రనూ ప్రసాదించుగాక! ఆమీన్.