నగరానికి నీళ్లెలా వస్తాయి? డబ్బులెలా వస్తాయి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇదే హాస్టల్లో ట్రంకుపెట్టె పక్కన చాప పరుచుకుని చదువుకున్నవాణ్ణి. ఇప్పుడు ఎం.ఏ. ప్రభుత్వ పాలనాశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది నాతోనే మొదలు. మా నాన్న పాలమూరు నుంచి వలస పోయి కందకాలు తవ్విన మనిషి. హైదరాబాదుకు కృష్ణా నీళ్లు తెచ్చే మూడో దశ గొట్టాల పనిలో అమ్మ, నాన్న ఇద్దరూ కూలి చేశారు. పని ఎక్కడికి జరిగితే మా గుడారం అక్కడికి జరిగేది. బడి మాత్రం జరగదు కదా! అందుకే నన్ను హాస్టల్లో వేశారు. కాబట్టి ఆ గొట్టం గురించే రాస్తాను. పోటీ పరీక్షలకు చదివే అన్నలకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది.

హైదరాబాదు నీళ్ల కథ ఒక వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నగరానికి పైన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని, ఆ నీటినే తాగడానికి వాడుకోవాలని ఆయన సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మనం గండిపేట అనేది, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒకే ఖర్చుతో రెండు పనులు! పైగా గండిపేట ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు పల్లానికి వాటంతటవే నగరంలోకి వచ్చేవి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. మధ్యలో 1912లో నగరాభివృద్ధి సంస్థ ఒకటి ఏర్పడి ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించే పని చేపట్టింది. అప్పుడు ఖజానా ఒక్కరి చేతిలో ఉండేది. ఒక్కరు సరేనంటే పని జరిగిపోయేది.

తరువాత నగరం పెరిగింది. దగ్గరి నీళ్లు చాలలేదు. 1960లలో మంజీరా, ఆ తరువాత సింగూరు, 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ, ఆ వెంటనే ఎల్లంపల్లి నుంచి గోదావరి. గమనించండి, ప్రతిసారీ నీళ్లు మరింత దూరం నుంచి వస్తున్నాయి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం దగ్గర నుంచి 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. గోదావరి ఇంకా దూరం. పైగా కిందనుంచి పైకి ఎక్కించాలి. కృష్ణాలో ఒక్కొక్క దశ రోజుకు 9 కోట్ల గ్యాలన్లు తెస్తుంది. అంత నీటిని రాత్రింబవళ్లు పంపు చేయాలంటే కరెంటు ఎంత కావాలో ఊహించుకోండి. అందుకే జలమండలి ఖర్చులో పెద్ద భాగం విద్యుత్తుకే పోతుంది. అంటే గొట్టం వేసినప్పటి ఖర్చు ఒకటి, వేసిన తరువాత ప్రతినెలా వచ్చే ఖర్చు మరొకటి.

ఈ తేడా చాలా ముఖ్యం. మన హాస్టల్ భాషలో చెబుతాను. మెస్ చార్జీలు నెలనెలా వస్తాయి, నెలనెలా అన్నం, పప్పులోకి పోతాయి. ఇది రెవెన్యూ ఖర్చు. బోరు మోటారు కాలిపోయింది, కొత్తది కొనాలి. ఆ డబ్బు మెస్ చార్జీల్లోంచి తీస్తే ఆ నెల గుడ్డు ఉండదు. ఇది మూలధన వ్యయం. మోటారు పదేళ్లు నడుస్తుంది. దాని నీళ్లు రాబోయే పదేళ్ల పిల్లలు కూడా వాడుకుంటారు. అలాంటప్పుడు ఖర్చంతా ఈ సంవత్సరం పిల్లల పళ్లెంలోంచే ఎందుకు తీయాలి? నగరాలు అప్పు చేయడానికి అసలు కారణం ఇదే. యాభై ఏళ్లు మన్నే గొట్టానికి అప్పు తెచ్చి, వాడుకునేవాళ్లంతా మెల్లమెల్లగా తీరుస్తారు. అప్పు అనగానే మన ఇళ్లలో గుండె జారుతుంది, మా అమ్మకైతే మరీను. కానీ పెళ్లికి చేసిన అప్పు వేరు, బావికి చేసిన అప్పు వేరు. బావి తిరిగి ఇస్తుంది. ఇవ్వకపోతేనే చిక్కు.

ఇక నగరానికి సొంత ఆదాయం ఎక్కడిది? మొదటిది ఆస్తి పన్ను. తరువాత ఇంటి అనుమతి రుసుములు, అభివృద్ధి చార్జీలు, వ్యాపార లైసెన్సులు. రాష్ట్రం నుంచి స్టాంపు డ్యూటీలో వాటా. పూర్వం వినోదపు పన్ను కూడా ఉండేది. 2017లో జీఎస్టీ వచ్చాక అది దాంట్లో కలిసిపోయింది. ఆస్తి పన్ను పెంచుతామంటే ఏ ప్రభుత్వానికైనా భయమే, ఓటు గుర్తొస్తుంది. 2015లో హైదరాబాదులో ఏడాదికి 1200 రూపాయల లోపు పన్ను కట్టే ఇళ్లకు 101 రూపాయలు కడితే చాలన్నారు. 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు వచ్చింది. పేదవాళ్లకు ఇది మేలే, నేను కాదనను. అయితే ఉచిత నీరు అందేది గొట్టం ఉన్న ఇంటికి. గొట్టం లేని బస్తీ వాళ్లు డ్రమ్ముకు ఇంత అని డబ్బిచ్చి ట్యాంకరు దగ్గర కొంటారు. మేము అలాగే కొన్నాం. కృష్ణా గొట్టానికి కందకం తవ్వే రోజుల్లో మా అమ్మ డ్రమ్ము నీళ్లకు కూలిలోంచి లెక్కపెట్టి ఇచ్చేది.

కేంద్రం డబ్బు షరతులతో వస్తుంది. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకంలో హైదరాబాదు వంటి పెద్ద నగరానికి కేంద్రం 35 శాతం, రాష్ట్రం 15 శాతం ఇస్తే, మిగతా 50 శాతం నగరమే తెచ్చుకోవాలి. దాంతోపాటు పన్నుల విధానం, లెక్కల పుస్తకాల పద్ధతి సంస్కరించాలన్నారు. ఆ సగం ఎక్కడినుంచి తేవాలి? మళ్లీ అప్పే.

నగరం నేరుగా జనం దగ్గర, బ్యాంకుల దగ్గర అప్పు తీసుకునే కాగితాన్నే మున్సిపల్ బాండు అంటారు. మన దేశంలో రాష్ట్ర ప్రభుత్వం హామీ లేకుండా తొలిసారి బాండ్లు అమ్మింది అహ్మదాబాదు, 1998లో, 100 కోట్లకు. జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు, ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, 2019లో 10.23 శాతానికి 100 కోట్లు తెచ్చింది. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే పథకం కోసం. ఒకసారి పెన్సిలు తీసుకుని లెక్క వేయండి. మొత్తం 495 కోట్ల మీద ఏటి వడ్డీ సుమారు 46 కోట్లు. ఏడాదిన్నరలో వడ్డీ రేటు ఎలా ఎక్కుతూ పోయిందో కూడా చూడండి. ఫ్లైఓవరు మీద టోలు లేదు. అంటే ఆ వడ్డీ కట్టేది ఆస్తి పన్నే. బైకు లేనివాడు కూడా అద్దె రూపంలో అందులో కొంత కడతాడు. నాకు ఈ సంగతి ఎం.ఏ.లోనే తెలిసింది.

ఔటర్ రింగు రోడ్డు దారి వేరు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో కొంత భాగానికి జపాన్ సంస్థ రుణం ఇచ్చింది. 2023లో ముప్పై ఏళ్ల టోలు వసూలు హక్కును 7,380 కోట్లకు ఒక ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చారు. ముప్పై ఏళ్ల మామిడి కాపును ఒకేసారి గుత్తకిచ్చినట్లన్నమాట. ధర సరిపోయిందా లేదా అని వాదనలు నడిచాయి. నా మట్టుకు, ఆ డబ్బు మళ్లీ రోడ్డులోకో గొట్టంలోకో పోతేనే ఆ గుత్తకు అర్థం. జీతాలకు పోతే తోట పోయినట్లే.

మెట్రో సంగతి పెద్దది, క్లుప్తంగా చెబుతాను. 2008లో టెండరు గెలిచిన మైటాస్ సంస్థ ప్రభుత్వ సాయం అక్కర్లేదు, తానే ప్రభుత్వానికి 30 వేల కోట్లకు పైగా ఇస్తానంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు దీన్ని అప్పుడే అనుమానించారు. లాభం రైలు మీద కాదు, దానితో వచ్చే భూముల మీద అన్నది ఆయన విమర్శ. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి పని తీసుకుంది. 2017 నవంబరులో రైలు నడిచింది. నష్టాలు వచ్చాయి. 2025 సెప్టెంబరులో సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా దాన్ని తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రైవేటు భాగస్వామ్యంలో చివరికి నష్టం ఎవరి ఒళ్లో పడుతుందన్నది ఒప్పందం రాసేనాడే చూసుకోవాలి.

ఇంతకూ ఏ రోడ్డు ఎక్కడ వెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు? 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో పెట్టింది. మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. నీటి సరఫరా కూడా అందులో ఉంది. కానీ హైదరాబాదులో మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏది, నీళ్లు జలమండలివి. మనం ఓటేసి గెలిపించే కార్పొరేటరుకు ఈ రెండూ నేరుగా చేతిలో ఉండవు. ఎన్నికల్లో మాత్రం ఆయన్నే నిలదీస్తాం! 2031 సంవత్సరం వరకు ఉద్దేశించిన మాస్టర్ ప్లాన్‌ను 2013 జనవరిలో ప్రకటించారు. ఇలాంటి ప్లాన్ వేసేటప్పుడు ముందు ముసాయిదా పెట్టి, అభ్యంతరాలు కోరి, గడువు తరువాతనే ఖరారు చేస్తారు.

ఆ 'అభ్యంతరాలు' అన్న మాట నేను మొదట చదివింది ఒక గోడ మీద. ఆరో తరగతి దసరా సెలవులకు అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాను. అప్పుడు వాళ్లు ఒక శివారు బస్తీలో నాలా పక్కన ఉండేవాళ్లు. గోడకు అంటించిన కాగితం చదవమని పెద్దవాళ్లంతా నన్ను నిలబెట్టారు. నాలా వెడల్పు చేస్తారని, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా రాసివ్వాలని ఉంది. గడగడా చదివాను, అందరూ మెచ్చుకున్నారు. ఒక అవ్వ "అబ్బెంతరం అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది. నాకు తెలియదు. తేదీ దాటి అప్పటికే నాలుగు రోజులైందని కూడా నేను చూసుకోలేదు. నాలా వెడల్పు కావాల్సిందే, 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను నగరం మునిగింది నాలాలు కుంచించుకుపోవడం వల్ల కూడా. కానీ అక్కడున్న నలభై గుడిసెలు ఎక్కడికి పోవాలన్నది ఆ కాగితంలో లేదు. అద్దెకున్నవాళ్లం కాబట్టి మేము ఏ లెక్కలోకీ రాలేదు.

మొన్న ఎండాకాలం నాన్నతో కలిసి సాగర్ రోడ్డులో బస్సులో వెళ్లాను. ఒకచోట గొట్టం మీది వాల్వు కారుతుంటే ఊరి ఆడవాళ్లు బిందెలు పట్టుకుంటున్నారు. నాన్న కిటికీలోంచి చూపించి, "గిక్కడ్నే మూడు నెల్లున్నం, మొత్తం బండ" అన్నాడు. తరువాత, "ఈ పైపుకు ఎన్ని పైసలైనయ్‌రా?" అని అడిగాడు. వందల కోట్లని చెప్పాను. కాసేపాగి, "అందుల తవ్విన కూలి ఎంత పడ్డదో రాసుంటదా?" అన్నాడు. ఉంటుంది, అంచనా పత్రంలో మట్టిపనికి ఘనపు మీటరుకు ఇంత అని రేటు, కొలతల పుస్తకంలో తవ్విన కొలత రాస్తారు అని చెప్పాను. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి వాటి నకలు అడగవచ్చు. దరఖాస్తు రాసి పెట్టాను, ఈ వారం పోస్టు చేయాలి.