ఎడారిలో రాతిపొరల జాడ పట్టే కొలువు

జియాలజీ చదివితే గనుల్లోనో చమురు కంపెనీలోనో ఉద్యోగమని చాలామంది లెక్క. ఆ రెండు చోట్లా మొదట అడిగేది ఒకటే: ఇక్కడ కనిపిస్తున్న రాతిపొరా, నలభై కిలోమీటర్ల అవతల బోరులో తగిలిన పొరా ఒకటేనా? ఇది తేల్చేది స్ట్రాటిగ్రఫీ. మనవాళ్లు పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసే సబ్జెక్టు!

రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతాన్నే చూడండి. పట్టణానికి ఆగ్నేయంగా జురాసిక్ కాలపు లాఠీ ఫార్మేషన్ (ఫార్మేషన్ అంటే పేరు పెట్టిన రాతిపొరల సముదాయం) ఇసుకరాళ్లు నేలపైనే కనిపిస్తాయి. ఆకల్ దగ్గర రాయిగా మారిన చెట్ల మానులు వీటిలోవే, వయసు దాదాపు 18 కోట్ల ఏళ్లు. వాటిపైన, సముద్రం ముందుకొచ్చినప్పుడు పేరుకున్న జైసల్మేర్ ఫార్మేషన్ ఉంది. 2023లో వెల్లడైన థారోసారస్ డైనోసార్ అందులో దొరికిందే. పొరలన్నీ వాయవ్యానికి కాస్త వాలి ఉంటాయి. అటు వెళ్లేకొద్దీ లాఠీ రాయి లోతుకు దిగిపోతుంది, పైన కొత్త పొరలు, ఇసుక దిబ్బలు కమ్మేస్తాయి.

ఒక ఫార్మేషన్‌ని గుర్తించాలంటే దాని అడుగు హద్దు, పై హద్దు చూపించగలగాలి, మ్యాపులో గీయగలగాలి. అందుకే ఫీల్డులో సుత్తి, చేతి లెన్సు, పొర వాలు కొలిచే క్లినోమీటర్, పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా తప్పనిసరి. రాయి విరగ్గొట్టి తాజా ముఖం చూస్తారు. రేణువులు గుండ్రంగా ఉన్నాయా, కోసుగా ఉన్నాయా? లోపలి వాలుగీతలు ఎటు తిరిగాయి? యాసిడ్ చుక్క వేస్తే పొంగిందంటే రాయిలో సున్నపు పదార్థం ఉందన్నమాట. అయితే పొంగగానే జైసల్మేర్ ఫార్మేషన్ అనేయకూడదు. లాఠీ పైభాగంలోనూ సముద్రపు ఛాయలున్నాయి. ఒక్క ఆధారంతో గీత గీసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

రాయి ఇసుక కింద మాయమైన చోట బోరు రికార్డులే దిక్కు. గామా లాగ్‌లో, అంటే బోరు పొడవునా రాళ్ల సహజ రేడియోధార్మికతను చూపే గీతలో, సాధారణంగా బంకమన్ను రాయి దగ్గర గీత పైకి లేస్తుంది, శుభ్రమైన ఇసుకరాయి దగ్గర పడిపోతుంది. ఒక బోరు గీతను పక్క బోరు గీతతో జతచేస్తూ పోవాలి. ఓపిక లేనివాళ్లకు ఈ పని నచ్చదు, ముందే చెప్తున్నా. కానీ లాఠీ ఇసుకరాయి ఆ ఎడారికి ముఖ్యమైన భూగర్భ జలాశయం. పొర లోతు తప్పుగా అంచనా వేస్తే బోరు ఖర్చు వృథా.

ఈ దారిలోకి రావాలంటే బీఎస్సీలో జియాలజీ, తర్వాత ఎంఎస్సీ చేయాలి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలున్నాయి. ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్ పరీక్ష రాయాలి. ఆపైన యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష. జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు, కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజిస్టు పోస్టులు దీని ద్వారానే. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. సర్వేలో చేరినవారికి శిక్షణ ఇచ్చే సంస్థ ప్రధాన కేంద్రం మన హైదరాబాద్‌లోనే, బండ్లగూడలో ఉంది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు గేట్ స్కోరు చూస్తాయి.

డిగ్రీలో ఉన్నవాళ్లు జైసల్మేర్ దాకా వెళ్లనక్కర్లేదు. ప్రాణహిత-గోదావరి లోయలో జురాసిక్ కాలపు కోట ఫార్మేషన్ ఉంది. కోటసారస్ డైనోసార్ దొరికింది అక్కడే. కాలేజీ ఫీల్డ్ ట్రిప్పులో ఫొటోలు దిగి వచ్చేయకుండా, ఒక వాగు గట్టు ఎంచుకుని అడుగు నుంచి పైదాకా ప్రతి పొర మందం కొలిచి నోటుబుక్కులో గీయండి. ఇంటర్వ్యూకు ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి.