వైద్యవిద్య – నిర్ణయ వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం: వైద్యవిద్యా ప్రవేశంలో లభించిన సీటును స్వీకరించాలా, మరొక ఏడాది శ్రమించి తిరిగి పరీక్ష రాయాలా అనే సందిగ్ధాన్ని విద్యార్థులు ఏ విధంగా విచారించుకోవాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

మనిషి జీవితంలో కొన్ని నిర్ణయాలకు గడువు స్వల్పం, ఫలితం సుదీర్ఘం. ఇంటర్మీడియట్ ముగించి వైద్యుడు కావాలని ఆశించే విద్యార్థికి ప్రవేశాల వేళ ఎదురయ్యే నిర్ణయం అటువంటిదే. సీటు కేటాయింపు వెలువడిన తరువాత కళాశాలలో చేరడానికి ఉండే వ్యవధి కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో తీసుకొన్న నిర్ణయం ఐదున్నర సంవత్సరాల చదువును, ఆపై జీవితమంతటినీ ప్రభావితం చేస్తుంది. ఆ సమయంలో విద్యార్థి చెవిన రెండు మాటలు పడతాయి. చేతికందినదాన్ని జారవిడుచుకోవద్దని ఒకరంటారు. ఇంకొక్క ఏడాది కష్టపడితే ఇంతకన్న మంచి సీటు వస్తుందని మరొకరంటారు. రెండూ హితవచనాలే. ఏది ఎవరికి వర్తిస్తుందన్నదే విచారించవలసిన విషయం.

పోటీ స్వరూపం

ఒకప్పుడు తెలుగునాట వైద్యవిద్యకు ఎంసెట్ ద్వారా ప్రవేశాలు జరిగేవి. 2017 నుండి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జాతీయస్థాయి పరీక్ష అయిన నీట్ ర్యాంకే ప్రమాణమైంది. 2025లో ఈ పరీక్షను దేశవ్యాప్తంగా 22 లక్షలకు పైగా విద్యార్థులు రాయగా, 12 లక్షలకు పైగా అర్హత పొందారు. ఎం.బి.బి.ఎస్. సీట్లు మాత్రం లక్షకు కొంచెం మించి ఉన్నాయి. అందువల్ల అర్హత వేరు, సీటు వేరు అని మొదట గ్రహించాలి.

మరొక విషయం కూడా గమనింపదగినది. పరీక్ష మొత్తం 720 మార్కులకు జరుగుతుంది. 2024లో ప్రథమస్థానంలో నిలిచినవారికి 720కి 720 మార్కులు వచ్చాయి. 2025లో ప్రశ్నపత్రం కఠినం కావడంతో ప్రథమ ర్యాంకు 686 మార్కులకే లభించింది. అంటే ఒక సంవత్సరపు మార్కులను మరొక సంవత్సరపు ర్యాంకుతో పోల్చడానికి వీలులేదు. "పది మార్కుల్లో సీటు పోయింది, వచ్చే ఏడాది ఆ పది మార్కులు తెచ్చుకొంటే చాలు" అనే లెక్క చూపుకు సులభంగా ఉన్నా సరియైనది కాదు. మరుసటి సంవత్సరం ప్రశ్నపత్రమూ వేరు, పోటీపడేవారూ వేరు.

మూడు సందర్భాలు

సందిగ్ధంలో పడిన విద్యార్థులందరి స్థితి ఒక్కటి కాదు. ముఖ్యంగా మూడు సందర్భాలు కనిపిస్తాయి.

మొదటిది, కోరిన కోర్సే లభించి కోరిన కళాశాల లభించకపోవడం. హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలనో, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలనో ఆశించిన విద్యార్థికి ఒక జిల్లా కేంద్రంలోని కొత్త ప్రభుత్వ కళాశాలలో సీటు వస్తుంది. తెలంగాణలో 2022లో ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒక్కసారిగా ప్రారంభమైనాయి. పేరుప్రతిష్ఠలు లేవన్న కారణంతో వీటిని కాదనుకోవడం వివేకం కాదు. ఆంధ్ర వైద్య కళాశాల కూడా 1923లో కొత్తదే. పట్టా ఎక్కడ పొందినా దాని విలువ ఒక్కటే. స్నాతకోత్తర విద్యలో ప్రవేశానికి మళ్ళీ అందరూ ఒకే పరీక్ష రాయవలసిందే. అయితే ఆసుపత్రికి రోగులు తగినంతమంది వస్తున్నారా, అధ్యాపకులున్నారా అని విచారించుకోవాలి. వైద్యవిద్య పుస్తకంలో సగం, రోగి మంచం పక్కన సగం.

రెండవది, ఎం.బి.బి.ఎస్. కోరుకొన్నవారికి దంతవైద్యంలోనో, ఆయుర్వేదంలోనో, హోమియోపతిలోనో సీటు రావడం. ఇక్కడ విద్యార్థి తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఎం.బి.బి.ఎస్. అనేదే లేకపోయినట్లయితే ఈ విద్యను ఇష్టంతో అభ్యసించి ఉండేవాడినా?" అవునని మనసు చెబితే సంతోషంగా చేరవచ్చు. కాదని చెబితే ఆ సీటును కేవలం వేచి ఉండే గదిగా వాడుకోవడం తగదు. పగలు ఒక చదువు, రాత్రి మరొక పరీక్షకు తయారీ అన్నప్పుడు రెండింటికీ న్యాయం జరగడం దుర్లభం. పైగా మధ్యలో వదలిన సీటు, దానినే కోరుకొన్న మరొకరికి దక్కకుండా పోతుంది. సీటు వదులుకొన్నవారికి విధించే జరిమానాలు, ఆంక్షలు కూడా ఉంటాయి. ఇవి ఏటేటా మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రవేశ ప్రకటనను విద్యార్థి స్వయంగా చదువుకోవాలి.

మూడవది, కోర్సు లభించినా ఫీజు భారం కావడం. ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ కోటా ఫీజుకూ యాజమాన్య కోటా ఫీజుకూ ఎంతో అంతరం ఉంది. ఉన్న పొలం అమ్మి ఫీజు కట్టాలని తండ్రి సిద్ధపడవచ్చు. ఆయన సిద్ధపడ్డాడన్నంత మాత్రాన విద్యార్థి మౌనంగా అంగీకరించరాదు. మొదటి ఏడాది ఫీజు మాత్రమే కాదు, చదువు ముగిసేవరకూ అయ్యే మొత్తం ఎంత, ఇంట్లో చెల్లెలి చదువుకూ తమ్ముడి చదువుకూ ఏమి మిగులుతుంది, అప్పు తీరడానికి ఎంతకాలం పడుతుంది అన్న లెక్క కుటుంబమంతా కూర్చుని వేసుకోవాలి. విదేశాల్లో చదవాలనుకొనేవారు కూడా తిరిగి వచ్చాక మన దేశంలో వైద్యం చేయడానికి వేరుగా అర్హత పరీక్ష ఉన్నదని, అందులో ఉత్తీర్ణులు కానివారే ఎక్కువని మరువరాదు.

తిరిగి ప్రయత్నించడం ఎప్పుడు తగును?

మరొక ఏడాది చదవడాన్ని మన విద్యార్థులు 'లాంగ్ టర్మ్' అంటారు. అది చెప్పుకోలేనంత కఠినమైన ఏడాది. తోటివారు కళాశాలల్లో చేరి కొత్త స్నేహాలు చేసుకొంటుండగా, చదివిన పాఠాలనే మళ్ళీ చదువుతూ హాస్టలు గదికీ తరగతి గదికీ మధ్య దినాలు గడపాలి. కాబట్టి ఆ ఏడాదిని కోపంతోనో సిగ్గుతోనో ఎన్నుకోరాదు. కారణం తెలుసుకొని ఎన్నుకోవాలి.

కారణం తెలుసుకోవడానికి ఒక సులభమైన మార్గం ఉంది. పరీక్ష తరువాత విడుదలయ్యే జవాబుల ప్రతిని, విద్యార్థి గుర్తించిన సమాధాన పత్రాన్ని ముందు ఉంచుకొని కోల్పోయిన మార్కులను మూడు భాగాలుగా విభజించాలి. తెలియక పోయినవి ఎన్ని? తెలిసీ తొందరపాటుతో తప్పు చేసినవి ఎన్ని? సమయం చాలక విడిచినవి ఎన్ని? ఈ పరీక్షలో సరియైన సమాధానానికి నాలుగు మార్కులు వస్తే, తప్పు సమాధానానికి ఒక మార్కు పోతుంది. తొందరపాటు వల్లా సమయాభావం వల్లా పోయినవే ఎక్కువైతే అభ్యాసంతో దిద్దుకోవచ్చు. అనారోగ్యం వల్ల పరీక్ష సరిగా రాయలేకపోయినా, భౌతికశాస్త్రం వంటి ఒక విషయాన్ని అశ్రద్ధ చేసినా తిరిగి ప్రయత్నించడం సమంజసమే. రెండేళ్ళు శక్తివంచన లేకుండా చదివినా మూడు శాస్త్రాల్లోనూ తెలియనివే అధికమైతే, అదే పద్ధతిలో గడిపే మూడో ఏడాది కొత్త ఫలితాన్ని ఇవ్వడం కష్టం. అప్పుడు మార్చుకోవలసింది చదివే పద్ధతినా, ఎంచుకొన్న మార్గాన్నా అని ఆలోచించాలి.

ప్రయత్నానికి ఒక హద్దు కూడా ముందే నిర్ణయించుకోవాలి. ప్రస్తుత నిబంధనల్లో ఈ పరీక్షను ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. 2022లో గరిష్ఠ వయోపరిమితిని కూడా తొలగించారు. నియమం హద్దు పెట్టనప్పుడు మనిషి తానే పెట్టుకోవాలి. ఈ ఒక్క ఏడాది, ఆపై వచ్చిన దానిని స్వీకరించడమో వేరొక చదువులో చేరడమో అని ముందుగా అనుకొన్నవాడికి ఆ ఏడాది తపస్సు అవుతుంది. అలా అనుకోనివాడికి అది తెగని ఎదురుచూపు అవుతుంది.

ఒక మహనీయుని జీవితం

ఈ రెండు మార్గాలనూ ఒకే జీవితంలో చూపిన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు విఫలుడై మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. ఆ పరీక్ష దాటనిదే పై చదువులకు మరో ద్వారం లేదు. కనుక అక్కడ ఆయన తిరిగి ప్రయత్నించారు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్న తక్కువదిగా భావించే ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. పట్టా పేరు తగ్గిందని ఆయన అక్కడ ఆగిపోలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. తరువాత అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకొంటూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి జీవరసాయన శాస్త్రంలో సుప్రసిద్ధం. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి వాడే డైఈథైల్ కార్బమజీన్, క్యాన్సరు చికిత్సలో ఉపకరించే మెథోట్రెక్సేట్ వంటి ఔషధాల వెనుక ఆయన నాయకత్వంలోని పరిశోధన ఉంది. 1948లో ఆయన మరణించారు. ఆ మందులు నేటికీ ప్రాణాలు నిలుపుతున్నాయి.

ద్వారం మూసి ఉన్నచోట మళ్ళీ తట్టడం, తెరిచిన ద్వారం చిన్నదైనా లోపలికి నడవడం - ఈ రెండూ ఆయనకు తెలుసు. ఏది ఎక్కడ చేయాలో తెలియడమే వివేకం.

ఆరంభించిన కార్యం ఏది?

భర్తృహరి సుభాషితాల్లో కార్యారంభాన్ని గురించిన శ్లోకం ఒకటి ఉంది. ఏనుగు లక్ష్మణకవి అనువాదంతో అది తెలుగువారి నాలుకలపై నిలిచింది. ఆటంకాలకు భయపడి పనిని మొదలుపెట్టనివారు అధములని, మొదలుపెట్టి ఆటంకం రాగానే విరమించేవారు మధ్యములని, ఎన్ని విఘ్నాలు ఎదురైనా చేపట్టిన పనిని విడువనివారు ఉత్తములని దాని భావం. లభించిన సీటును కాదని మళ్ళీ పరీక్ష రాసేవారిని మెచ్చుకోవడానికి దీనిని తరచుగా ఉదాహరిస్తారు. అయితే ఇక్కడ అడుగవలసిన ప్రశ్న ఒకటుంది. విద్యార్థి ఆరంభించిన కార్యం ఏది? వైద్యుడు కావడమా, ఫలానా కళాశాల పేరు చెప్పుకోవడమా? వైద్యుడు కావడమే అయితే, చిన్న ఊరి కళాశాలలో చేరడం విరమణ కాదు, కార్యాన్ని కొనసాగించడమే. రాని సీటు కోసం మరొకసారి శ్రమించడమూ కొనసాగింపే. కేవలం పదిమంది మెప్పు కోసం అందిన అవకాశాన్ని తోసిపుచ్చడం మాత్రం పట్టుదల కాదు. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి తెలిపిన శ్రేయస్సు, ప్రేయస్సుల భేదం ఇక్కడ స్మరింపదగినది. మేలు చేసేది శ్రేయస్సు, ముచ్చట గొలిపేది ప్రేయస్సు.

ఈ విచారణలో తల్లిదండ్రుల అనుభవం, అధ్యాపకుల సలహా తోడ్పడతాయి. కాని చదవవలసినవాడు విద్యార్థి కనుక చివరి మాట అతనిదే కావాలి. ఒత్తిడికి తలవంచి చేరినవాడూ, ఒత్తిడికి తలవంచి ఆగినవాడూ రేపు ఇతరులను నిందిస్తారు. పరీక్షలో ఓటమి మనిషి ఓటమి కాదన్న సత్యాన్ని ఇంటివారు మాటతోనూ నడతతోనూ తెలియజేయాలి. నిరాశ భరింపరానిదైనప్పుడు ఆత్మీయులతో చెప్పుకోవడం దౌర్బల్యం కాదు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా అందుబాటులో ఉంది.

రోగి తన ముందున్న వైద్యుని ర్యాంకు అడగడు, ఎన్నవసారి సీటు వచ్చిందని అడగడు. తన బాధ వింటున్నాడా, తన వ్యాధిని గుర్తించగలడా అని మాత్రమే చూస్తాడు. ఆ రోగిని దృష్టిలో ఉంచుకొని తీసుకొన్న నిర్ణయం, చేరడమైనా ఆగడమైనా, విద్యార్థికి గౌరవాన్నే తెచ్చిపెడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

సందిగ్ధం = ఎటూ తేలని స్థితి
దుర్లభం = సులభంగా లభించనిది
సమంజసం = తగినది
శక్తివంచన లేకుండా = ఉన్న శక్తినంతా వినియోగించి
విఘ్నం = ఆటంకం
విరమణ = మానుకోవడం

ప్రశ్నలు

1. ఒక సంవత్సరపు మార్కులను మరొక సంవత్సరపు ర్యాంకుతో ఎందుకు పోల్చరాదు?
2. సీటు విషయంలో విద్యార్థులకు ఎదురయ్యే మూడు సందర్భాలను వివరించండి.
3. ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఈ పాఠంలోని విషయాన్ని ఎట్లా సమర్థిస్తున్నది?
4. "నియమం హద్దు పెట్టనప్పుడు మనిషి తానే పెట్టుకోవాలి." సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. పట్టుదలకూ మెప్పు కోసం చేసే ప్రయత్నానికీ గల భేదాన్ని మీ మాటల్లో రాయండి.