లెక్క చెప్పిన బీరువా

మ్యూజియంలో భద్రపరచిన పాత బీరువా సైతం ఒక పాఠ్యగ్రంథమే. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషను గల విజయవాడ-కటక్ రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య దశలవారీగా ప్రారంభమైంది. కంప్యూటర్లు రాకముందు మన దేశంలో దశాబ్దాల పాటు అట్ట టికెట్లు చెల్లాయి. వాటిని కొయ్య బీరువాలోని సన్నని నిలువు అరలలో, గమ్యానికొక అర చొప్పున, వరుస సంఖ్యలతో పేర్చేవారు. అడుగు టికెట్టును తీయగానే పైవి కిందికి జారేవి. అప్పుడు అడుగున నిలిచిన సంఖ్యే ఎన్ని అమ్ముడయ్యాయో తెలిపేది. అంతకుముందు ఇంగ్లండులో టికెట్లను చేతితో వ్రాసేవారు. లెక్కకు ఆధారం ఉండేది కాదు. 1830వ దశకం చివర ఈ అట్ట టికెట్ల పద్ధతిని రూపొందించిన థామస్ ఎడ్మండ్‌సన్ వృత్తిరీత్యా కొయ్యసామాను చేసే వడ్రంగి. ఇటువంటి బీరువాలు నేడు రైల్వే మ్యూజియంలకు చేరాయి. చూపరులు వాటిలో పనితనాన్నే కాక, ప్రజాధనానికి పైసాతో సహా లెక్క చెప్పిన పద్ధతిని కూడా గుర్తించాలి. అది తెలియనినాడు మిగిలేది వట్టి కొయ్యే.