చేప కణజాలాల స్థిర ఐసోటోపు విశ్లేషణలో కొవ్వు సవరణ: పులస ఉదాహరణగా

చేప జీర్ణాశయాన్ని పరీక్షిస్తే అది చివరిసారి తిన్న మేత మాత్రమే తెలుస్తుంది. కండరంలోని స్థిర ఐసోటోపులు అంతకు ముందు వారాలు, నెలల ఆహారాన్ని సూచిస్తాయి. కార్బన్-13 విలువ ఆహారపు మూలాన్ని, నైట్రోజన్-15 విలువ ఆహారపు గొలుసులో చేప స్థానాన్ని తెలుపుతాయి. అయితే కార్బన్ విలువపై ఆహారంతో పాటు కొవ్వు ప్రభావం కూడా ఉంటుంది.

కణంలో పైరువేట్ నుండి అసిటైల్ కో-ఎంజైమ్-ఎ ఏర్పడే దశలో కార్బన్-13 కొంత వెనుకబడుతుందని డినీరో, ఎప్‌స్టీన్ 1977లో వివరించారు. కొవ్వు ఆమ్లాలు ఈ అసిటైల్ నుండే తయారవుతాయి. కాబట్టి ఒకే చేపలో మాంసకృత్తులకన్నా కొవ్వు విలువ సుమారు 6 నుండి 8 సహస్రాంశాలు తక్కువగా ఉంటుంది.

వరదల కాలంలో బంగాళాఖాతం నుండి గోదావరికి ఎదురీదే పులసను తీసుకుందాం. సముద్రం నుండి వచ్చేటప్పుడు దానిలో కొవ్వు అధికం. ఎదురీదేకొద్దీ నిల్వలు ఖర్చవుతాయి. నదీ ఆహారపు కార్బన్ విలువ సాధారణంగా సముద్రపు ఆహారపు విలువకన్నా తక్కువ. అందువల్ల సవరణ లేకుండా చూస్తే అప్పుడే నదిలోకి ప్రవేశించిన కొవ్వు చేప నదిలో మేసినట్లు, ధవళేశ్వరం చేరి చిక్కిన చేప సముద్రంలో మేసినట్లు తోచవచ్చు. నిర్ధారణ పూర్తిగా తలక్రిందులవుతుంది.

క్లోరోఫామ్–మిథనాల్ మిశ్రమంతో కొవ్వును తొలగించడం ప్రత్యక్ష మార్గం. కానీ దానితో కొన్ని నత్రజని సమ్మేళనాలు కూడా కరిగిపోయి నైట్రోజన్ విలువ మారుతుంది. కాబట్టి నమూనాను రెండు భాగాలు చేసి, నైట్రోజన్‌ను కొవ్వు తీయని భాగంలోనే కొలవాలి. ఖర్చు రెట్టింపవుతుంది, చిన్న పిల్లచేపలలో అంత కండరం కూడా లభించదు.

అటువంటప్పుడు గణిత సవరణ ఉపకరిస్తుంది. కొవ్వులో నత్రజని దాదాపు ఉండదు కనుక కొవ్వు పెరిగేకొద్దీ కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి పెరుగుతుంది. జలచరాలకు పోస్ట్ బృందం 2007లో ఇచ్చిన సమీకరణం ఇది:

కలపవలసిన విలువ = (0.99 × నిష్పత్తి) – 3.32

నిష్పత్తి 3.5 దాటినప్పుడే సవరణ అవసరమని వారి సూచన. ఒకే ఆహారం తిన్న రెండు చేపలలో నిష్పత్తులు 3.3, 6.0 అనుకుందాం. మొదటిదానికి సవరణ దాదాపు శూన్యం, రెండవదానికి 2.62 సహస్రాంశాలు. ఆహారపు గొలుసులో ఒక మెట్టు ఎక్కితే కార్బన్ విలువలో వచ్చే మార్పు సాధారణంగా 1 సహస్రాంశం లోపే. దానితో పోల్చితే ఈ తేడా ఎంత పెద్దదో స్పష్టమవుతుంది.

విద్యార్థులు తరచుగా తడబడే చోటు ఒకటున్నది. ఈ నిష్పత్తి బరువు ప్రాతిపదికన లెక్కించినది. పరమాణు నిష్పత్తి 4.0ను నేరుగా ప్రతిక్షేపిస్తే 0.64 వస్తుంది. దానిని 14/12తో భాగించి 3.43గా మార్చిన పిమ్మట వచ్చేది 0.08 మాత్రమే.

కండరానికి రూపొందిన సమీకరణాన్ని కాలేయానికి, గుడ్లకు వర్తింపజేయరాదు. కండరం విషయంలోనూ కొన్ని నమూనాలలో కొవ్వు తీసి కొలిచి, ఆ జాతికి సమీకరణం సరిపోతున్నదో లేదో సరిచూడడం మేలు. సవరించని విలువలను, నిష్పత్తులను కూడా పట్టికలో ప్రచురిస్తే ఇతరులు వేరొక సమీకరణంతో తిరిగి లెక్కించుకోగలుగుతారు.